చీకటి పడేలోపు ఎక్కడుంటాం?



రాజమండ్రి వాళ్లకి మారేడుమిల్లి గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, బొంగులో చికెన్ తిని, వాగులో కాసేపు కాళ్లు పెట్టుకుని, రాత్రి భోజనాల వేళకి ఇల్లు చేరేవాళ్లు ఈ హాల్లోనే సగం మంది ఉంటారు. వాళ్లకి నా సలహా ఏమీ అక్కర్లేదు. నేను మాట్లాడేది అక్కడ వెనక్కి తిరక్కుండా ముందుకు వెళ్దామనుకునేవాళ్లతో. మారేడుమిల్లి దాటి ఘాట్ దిగితే చింతూరు. అక్కణ్నుంచి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు, జీకే వీధి, చింతపల్లి, లంబసింగి. నర్సీపట్నం వైపు దిగి కృష్ణదేవిపేట, కొయ్యూరు, రాజవొమ్మంగి, అడ్డతీగల మీదుగా మళ్లీ మన ఊరు. మన్యాన్ని ఒక చుట్టు చుట్టి రావడం అన్నమాట. మోటార్ సైకిల్ మీద ఇలాంటి దారి తిరగాలంటే ముందుగా ఏం ఆలోచించుకోవాలి? ఈ సాయంత్రం అదే మన సంగతి.

బళ్లు బాగుచేయడం నా వృత్తి. చలికాలం వస్తే జనాన్ని వెంటబెట్టుకుని కొండల్లోకి తీసుకెళ్తాను. నా షెడ్డుకొచ్చి టూర్ మాట ఎత్తిన ప్రతి కుర్రాడూ ముందు అడిగేది ఒక్కటే: "అన్నా, ఏ బండి కొనమంటారు?" ఉన్న బండి చాలమ్మా అంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. నిజానికి ఆ కొండల్లో టీచర్లు, నర్సులు, కూరగాయల వ్యాపారులు ఏడాది పొడుగునా తిరిగేది వంద సీసీ బళ్ల మీదే. రెండో ప్రశ్న, "రోజుకి ఎన్ని కిలోమీటర్లు కొట్టొచ్చు?" అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది. హైవే మీద కిలోమీటర్ల లెక్క పనికొస్తుంది. ఏజెన్సీలో లెక్క పెట్టుకోవాల్సింది వెలుగుని.

కాస్త ఓపిక పట్టండి, ఒక రోజుని విప్పి చూద్దాం. డిసెంబరు నెల. మారేడుమిల్లిలో రాత్రి బస చేశాం. మర్నాడు చింతూరు, సీలేరు మీదుగా చింతపల్లి చేరాలని మన ఉబలాటం. సుమారు 180 కిలోమీటర్లు. విశాఖపట్నం వెళ్లినంత దూరమే కదా, నాలుగు గంటల పని అనిపిస్తుంది. ఆ దారిలో మలుపులు, గతుకులు, రోడ్డు పనులు, రోడ్డుకి అడ్డంగా పడుకున్న పశువులు అన్నీ కలిపితే సగటున గంటకి 25 కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే బండి కదులుతూ ఉండే సమయమే ఏడు గంటల పైచిలుకు. గంటకోసారి పది నిమిషాలు దిగి నడుం చాపుకుంటే ఇంకో గంటా పావు. టిఫినుకీ భోజనానికీ ఒక గంట. సోకులేరు దగ్గరా, డొంకరాయి జలాశయం దగ్గరా ఆగకుండా పోతామా? ఇంకో గంట. పంచరు కోసం ఒక గంట విడిగా పక్కన పెట్టాలి. పదకొండు గంటలు దాటిపోయింది.

ఇప్పుడు ఆకాశం మనకెంత ఇస్తుందో చూడండి. డిసెంబరు మధ్యలో మన ప్రాంతంలో పొద్దు పొడిచేది 6.25కి, కుంకేది 5.30కి. చూడ్డానికి పదకొండు గంటలు. కానీ కొండల్లో ఎనిమిదింటి దాకా మంచు వదలదు. సాయంత్రం సూర్యుడు శిఖరాల చాటుకి పోగానే లోయలో నాలుగున్నరకే మసక కమ్ముతుంది. ధీమాగా బండి నడపగలిగేది ఎనిమిదిన్నర గంటలే. పదకొండు గంటల పని ఎనిమిదిన్నరలో పట్టదు. కాబట్టి ఈ దారిని రెండు రోజులు చేయాల్సిందే. మధ్యలో మోతుగూడెంలోనో సీలేరులోనో రాత్రి ఆగాలి. అక్కడ మన టూరిస్టు ఊళ్లలోలాగా వీధికో లాడ్జి ఉండదు. జెన్‌కో అతిథి గృహాలు ఉన్నా అవి విద్యుత్ కేంద్రం వాళ్ల అవసరాల కోసం కట్టినవి, ముందుగా అనుమతి లేకపోతే తలుపు తీయరు. అందుకే ముందు మంచం ఖాయం చేసుకోండి, తర్వాత దారి గీసుకోండి. అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు.

నాతో వచ్చేవాళ్లకి ఒక గడువు పెడతాను. మధ్యాహ్నం 12కి చింతూరు దాటలేదా, ఆ రాత్రికి చింతూరే మన ఊరు. దాని మీద వాదన ఉండదు. మధ్యాహ్నం పన్నెండింటికి అందరి బుర్రా చల్లగా ఉంటుంది కాబట్టి ఆ మాట అప్పుడు వింటారు. సాయంత్రం ఐదింటికి, "ఇంకెంత, ముప్పై కిలోమీటర్లే కదా" అని గుంపులో ఒకడు తప్పకుండా అంటాడు. ఆ ముప్పై చీకట్లో రెండు గంటలు. ఎదురుగా లారీ లైట్లు, పక్కన గోడ లేని అంచు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? వానాకాలంలో జలపాతాలు బాగుంటాయి, కాదనను. అయితే చింతూరు సంగతి గోదావరి గట్టు మీద పుట్టిన మనకి ఒకరు చెప్పాలా? గోదావరి పోటెత్తితే చింతూరు పక్కనున్న శబరి నది నీళ్లు పోయే దారిలేక వెనక్కి ఎగదన్నుతాయి. చింతూరు, కూనవరం వైపు రోడ్లు మునుగుతాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాల గతి మీరంతా టీవీల్లో చూశారు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి ఇస్తారు. వరద రోజుల్లో ఆ అంకె చూడకుండా బండి తీయొద్దు. అక్టోబరులో తుపాన్ల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని దాటి అరకు కొండల దాకా చెట్లని కూల్చుకుంటూ పోయింది. నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా అన్నది నా లెక్క. సంక్రాంతి సెలవులు మాత్రం వదిలేయండి. లంబసింగిలో ఆ నాలుగు రోజులూ మంచు కంటే కారు పొగ ఎక్కువ.

చలి గురించి ఒక మాట. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి ఉన్నది దగ్గర దగ్గర ఆ ఎత్తులోనే. పైగా రాత్రిపూట చల్లబడ్డ గాలి బరువెక్కి ఆ పల్లంలోకి జారి కూర్చుంటుంది. అందుకే చలికాలంలో తెల్లవారుజామున అక్కడ పది డిగ్రీల కిందికి పడిపోతుంది. నడిచేవాడికి అది ఫర్వాలేదు. నలభై స్పీడులో వెళ్లేవాడికి పావుగంటలో వేళ్లు కొయ్యబారిపోతాయి, బ్రేకు మీద చెయ్యి వేశానో లేదో కూడా తెలియదు. ఖరీదైన జాకెట్ కొన్నాయన మామూలు దూది గ్లవ్స్‌తో వచ్చి వణకడం చూస్తుంటాను. డబ్బు తక్కువుంటే ముందు గ్లవ్స్ మీద పెట్టండి.

బండి విషయానికొద్దాం. వెళ్లే ముందు రోజు సర్వీసింగ్ చేయించకండి. పది రోజుల ముందు చేయించి, ఆ పది రోజులూ ఊళ్లో తిప్పండి. సరిగా బిగించని నట్టు ఏదైనా ఉంటే అది కోటిపల్లి బస్టాండు దగ్గర ఊడితే నవ్వుకోవచ్చు, ఘాట్ దారిలో తులసిపాక దగ్గర ఊడితే నవ్వలేం. క్లచ్ కేబుల్ కొత్తది ఒకటి కొని, పాతదాని పక్కనే అదే దారిలో వేసి టేపు చుట్టించుకోండి. పాతది తెగితే రెండు కొసలు మారిస్తే సరిపోతుంది, ట్యాంకు విప్పే పని ఉండదు. ట్యూబు టైరు బండి అయితే ఒక ట్యూబు, టైరు లివర్లు, చిన్న పంపు పెట్టుకోండి. అవి ఉంటే చాలదు, ఇంటి పెరట్లో ఒకసారి వెనక చక్రం మీ చేతుల్తో విప్పి బిగించండి. గాలి ఎంత పెట్టాలో చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు ఉంటుంది. అందులో ఒక్కరికి వేరు, ఇద్దరికి వేరు. లగేజీతో ఇద్దరు వెళ్తే రెండో అంకె చూడాలి.

బ్రేక్ ఆయిల్ అని మనం పిలిచే ద్రవం గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా పోసినప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి దిగిపోతుంది. పొడవాటి ఘాట్‌లో అదేపనిగా బ్రేకు నొక్కుకుంటూ దిగితే డిస్కు వేడి ఆ ద్రవానికి ఎక్కుతుంది, లోపల ఆవిరి బుడగలు పుడతాయి, అప్పుడు బ్రేకు నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది తప్ప బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించమని నేను పోరుపెట్టేది అందుకే.

ఈ ప్రమాదం రాకుండా ఉండటానికి లారీ డ్రైవర్ల సూత్రం ఉంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడు సెకండ్ గేరులో, యాక్సిలరేటర్ వదిలేసి దిగండి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. పెట్రోలు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇప్పుడు మలుపు వస్తోంది అనుకోండి. బ్రేకు పని మలుపు మొదలవక ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే అయిపోవాలి. ఎందుకంటే మలుపులో ఏముందో తెలియదు. ఎండిన వెదురాకులు, కొండ మీంచి కొట్టుకొచ్చిన ఇసక. వంగిన బండికి అక్కడ ముందు బ్రేకు వేస్తే చక్రం చేతిలో ఉండదు. హారన్ కొట్టండి. కింద నుంచి బస్సు ఇంజన్ మోత వినపడితే మలుపులోకి దిగనే దిగకండి, పైనున్న తిన్నటి రోడ్డులో ఎడమ అంచున ఆగండి. బస్సు ఆ మలుపు తిరగాలంటే దాని సగమే కాదు, మీ సగం కూడా కావాలి. ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికే దారి ఇవ్వాలని చట్టం కూడా చెబుతోంది. నలభై స్పీడులో సెకనుకి పదకొండు మీటర్లు పోతాం. మలుపు అవతల బస్సుని చూసి, అయ్యో అనుకునేలోపు ఆ పదకొండు మీటర్లూ అయిపోతాయి.

సామాను ఎంత తక్కువైతే అంత మంచిది. బరువైనవి కిందికి, సీటు మధ్యకి దగ్గరగా కట్టండి. వెనక క్యారియరు మీద ఎత్తుగా కడితే ఎగువ ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ మాట వినదు. పెట్రోలు బాటిల్లో పోసి బ్యాగులో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. అది సంచిలో నిప్పు మోయడమే. అసలు ఆ అవసరమే లేదు. చింతూరులో ట్యాంకు నింపుకుని, చింతపల్లి దాకా బంకు లేదన్న లెక్కతో బయల్దేరండి. పది లీటర్లు పట్టే వంద సీసీ బండి కొండల్లో లీటరుకి 40 ఇచ్చినా 400 కిలోమీటర్లు పోతుంది. మనం దాటాల్సింది అందులో సగం కూడా లేదు.

వెనక కూర్చునేవాళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఎప్పుడు ఆగాలో నిర్ణయించాల్సింది వాళ్లే, ఎందుకంటే గుంతలన్నీ వాళ్ల నడుముకే తెలుస్తాయి. వాళ్లకీ ఐఎస్ఐ హెల్మెట్ ఉండాలి. అమ్మాయిలూ, అమ్మలూ, చున్నీలు, కొంగులు గట్టిగా దోపుకోండి. చక్రంలో చున్నీ చుట్టుకుని జరిగిన ప్రమాదాలు మన ఊళ్లోనే ఎన్ని విన్నామో మీకు తెలుసు.

సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే లేదు, డిజీలాకర్ లేదు. చిల్లర నోట్లు, ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు కాగితాలు దగ్గరుంచుకోండి. ఏ రాత్రి ఎక్కడ ఆగుతారో ఇంట్లో రాసి ఇచ్చి వెళ్లండి. ఆ ప్రాంతంలో మలేరియా ఉంది, కాబట్టి దోమల మందూ దుప్పటీ మర్చిపోవద్దు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుగారికి ఏజెన్సీ వెళ్లొచ్చామని ముందే చెప్పండి.

ఇంకొకటి, కాస్త ఇబ్బందికరమైనది. సీలేరు, చింతపల్లి దారుల్లో గంజాయి కోసం పోలీసులు తనిఖీ చేస్తారు. సంచులు విప్పమంటే విప్పండి, విసుక్కోకండి. దారిలో ఎవరైనా ఎంత మర్యాదగా "బాబూ, ఈ సంచి నర్సీపట్నంలో మావాళ్లకి ఇచ్చేయండి" అన్నా పుచ్చుకోవద్దు. ఆ కేసుల్లో బెయిలు అంత తేలిగ్గా రాదు.

కొండరెడ్ల ఊళ్లు, కోయ ఊళ్లు, బగతల ఊళ్లు ఈ దారి పొడుగునా ఉన్నాయి. అవి వాళ్ల ఇళ్లు. అడక్కుండా ఫొటోలు తీయడం, పిల్లల మీదికి చాక్లెట్లు విసరడం మానేయండి. అంగట్లో కూర్చుని టీ తాగండి, సంత రోజైతే పసుపో చింతపండో కొనండి. రోడ్డు సంగతి గూగుల్ కంటే ఆ టీ కొట్టాయనకే బాగా తెలుసు. వాగు పారుతోందా, లారీ అడ్డం పడిందా, అంతా చెబుతాడు.

తిరుగు దారిని చాలామంది అన్నవరం హైవే మీదుగా పెట్టుకుంటారు. నేను మాత్రం కృష్ణదేవిపేట వైపు తిప్పుతాను. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వానాకాలం, రోడ్లు లేని అడవి, మూడు రోజులు, మూడు స్టేషన్లు, తుపాకులు మోసుకుంటూ. మన చుట్టు ఆ మూడు ఊళ్లనీ తాకుతుంది. ఆయన సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. లంబసింగిలో తొమ్మిదింటికి మంచు విడిచాక బయల్దేరితే అక్కడ అరగంట కూర్చుని, రాజవొమ్మంగిలో భోజనం చేసి, దీపాలు పెట్టే వేళకి రాజమండ్రిలో ఉండొచ్చు.

నా బండి బయట మెట్ల దగ్గర పెట్టాను. లగేజీ కట్టి ఉంది, స్పేర్ క్లచ్ కేబుల్ ఎలా వేశానో కూడా కనిపిస్తుంది. చైను బిగువు ఎంత ఉండాలో చేత్తో పట్టి చూడాలనుకునేవాళ్లు అక్కడికి రండి, చేతులు మసి అవుతాయి. ఈలోపు ప్రశ్నలుంటే అడగండి. ఏ బండి కొనాలన్న ప్రశ్న తప్ప.