క్రీడాసంఘానికి ధనం, ధనానికి లెక్క



క్రీడాసంఘం చిన్నదైనా పెద్దదైనా దాని ముందు నిలిచే ప్రశ్న ఒక్కటే: ధనం ఎవరి నుండి రావాలి, దాని లెక్క ఎవరికి చెప్పాలి? భారత క్రికెట్ నియంత్రణ మండలి చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. 1928లో ఏర్పడిన ఈ మండలి తమిళనాడు సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం క్రింద నమోదైన సంఘం. ఆ రాష్ట్రంలో ఊరి క్రీడాసంఘాలు నమోదయ్యేదీ ఆ చట్టం క్రిందనే.

తొలినాళ్లలో సంస్థానాధీశుల ఔదార్యమే మండలికి ఆధారం. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతజట్టు తొలి టెస్టు ఆడినప్పుడు నాయకత్వం వహించినవారు నాగపూరు తెలుగు కుటుంబంలో జన్మించిన సి.కె. నాయుడు. మండలికి విరాళాలిచ్చిన విజయనగరం మహారాజకుమార్ 1936లో తామే నాయకులై జట్టును ఇంగ్లండుకు తీసుకువెళ్లారు. నాయుడు వంటి మేటి ఆటగాడు ఆయన క్రింద ఆడవలసి వచ్చింది. దాత చేతికి పగ్గాలు అందితే యోగ్యత వెనుకబడుతుంది.

1932 నాటి ఆ టెస్టుకు సరిగ్గా 51 సంవత్సరాలకు, 1983 జూన్ 25న, అదే లార్డ్స్‌లో భారతజట్టు వెస్టిండీస్‌ను 43 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు గెలిచింది. విజేతలను తగినట్లు సత్కరించడానికి మండలి వద్ద ధనం లేదు. లతా మంగేష్కర్ పారితోషికం తీసుకోకుండా ఢిల్లీలో కచేరీ చేశారు. ఆ రాబడితో ఒక్కొక్క ఆటగాడికి లక్ష రూపాయలు అందాయి.

ప్రసారతరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదని 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రసారహక్కుల విక్రయంతో మండలి దశ మారింది. 2023 నుండి 2027 వరకు ఐపీఎల్ హక్కులు 2022 వేలంలో 48,390 కోట్ల రూపాయలు పలికాయి.

ధనం పెరిగినా లెక్క చెప్పవలసిన బాధ్యత తీరలేదు. జస్టిస్ లోధా కమిటీ సిఫారసులలో అధికభాగాన్ని 2016 జూలై 18న సుప్రీంకోర్టు ఆమోదించింది. మండలి అపెక్స్ కౌన్సిల్‌లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ప్రతినిధి ఉండాలన్నది వాటిలో ఒకటి. లేమిలో దాతలకు లోబడిన సంఘం కలిమిలో న్యాయస్థానానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

పాఠశాల మైదానాన్ని నమ్ముకున్న చిన్న సంఘానికి కోట్లు అక్కరలేదు. బంతులు, వలలు, పోటీలకు వెళ్లే పిల్లల ప్రయాణ ఖర్చులు సమకూరితే చాలు. అయినా సూత్రం మారదు. ఒక్కరి భూరి విరాళం కన్న నూరుగురి చిన్న చందాలు మేలు. దాతకు ఇవ్వవలసింది రసీదు, కృతజ్ఞత, పదవి కాదు. ఏటా సర్వసభ్య సమావేశంలో ఆడిట్ అయిన జమాఖర్చులు బిగ్గరగా చదవాలి. ఆ పుస్తకం అందరి ముందు తెరిచి ఉన్నంతకాలం మైదానమూ అందరిదిగా ఉంటుంది.