నది అవతలి ఓటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా ఎన్నికల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు బోర్డు మీద "ఎలక్టోరల్ కాలేజీ" అని రాస్తే, "అది ఏ ఊళ్లో ఉంది సార్?" అని అడిగిన మొద్దుని నేనే. క్లాసంతా నవ్వింది. మాస్టారు మాత్రం నవ్వకుండా, అది భవనం కాదురా, అధ్యక్షుణ్ణి ఎన్నుకునే మనుషుల గుంపు అని చెప్పారు.

ఆ గుంపు సంగతి నేను న్యూజెర్సీలో ఓటరునయ్యాక తెలిసొచ్చింది. అక్కడ జనం ఓట్లతో తేలేది 538 మంది ఎలక్టర్లు. 270 మంది ఎవరి వైపుంటే వారే అధ్యక్షులు. ప్రతినిధుల సభలో రాష్ట్రానికున్న సీట్లకు సెనేటు తరఫున రెండు కలిపి ఎలక్టర్లను ఇస్తారు. కాబట్టి ఎంత చిన్న రాష్ట్రానికైనా మూడుకు తగ్గరు. వయోమింగ్‌లో సుమారు 1 లక్షా 92 వేల జనాభాకు ఒక ఎలక్టరు, కాలిఫోర్నియాలో 7 లక్షల 30 వేలకు ఒకరు.

మరి వయోమింగ్ ఓటరు చక్రం తిప్పుతున్నాడా? లేదు. 1968 నుంచి ఆ రాష్ట్రం ప్రతిసారీ రిపబ్లికన్లదే. అందుకే అక్కడ బతిమాలేవాళ్లూ ఉండరు, బెదిరించేవాళ్లూ ఉండరు. అసలు తిరకాసు ఇంకోచోట ఉంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఎలక్టర్లంతా గెలిచినవారికే. 2000లో ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. దేశం మొత్తం మీద గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా అధ్యక్షుడైంది బుష్. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఎక్కువొచ్చాయి, అయినా ఓడిపోయారు.

మన బ్యాచ్ మిత్రుడొకడు డెలావేర్ నదికి అవతల, పెన్సిల్వేనియాలో ఉంటాడు. ఎన్నికలొస్తే వాడి తలుపు రోజూ ఎవరో ఒకరు తడతారు, ఫోన్ మోగుతూనే ఉంటుంది. వాడు విసుక్కుంటాడు, నాకేమో అసూయ. 2020లో వాళ్ల రాష్ట్రంలో తేడా 80 వేల చిల్లర, మా దగ్గర 7 లక్షల పైచిలుకు. వంతెన దాటితే అదే నేను, అదే ఓటు, కానీ అవసరం వేరు.

మన రాష్ట్రపతి ఎన్నికా ఎలక్టోరల్ కాలేజీతోనే కదా అంటారేమో. అందులో ఎమ్మెల్యే ఓటు విలువను 1971 జనాభాను బట్టి లెక్కకట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు 159, తెలంగాణకు 132, సిక్కింకు 7. చిన్న రాష్ట్రానికి అదనపు తూకం లేదు. పైగా ఎవరి ఓటు వారిదే, రాష్ట్రం మొత్తం గంపగుత్తగా ఒకరికే పోదు. ఈ తేడా మాస్టారు ఆనాడే చెప్పి ఉంటారు, నేను వినలేదంతే.

మా ఆవిడ అడుగుతుంది, "తేలిపోయిన రాష్ట్రంలో అంతసేపు క్యూలో నిలబడటం దేనికి?" అని. అధ్యక్షుడి వరకు నా దగ్గర గట్టి జవాబు లేదు. కానీ అదే బ్యాలెట్‌లో కింద మా ఊరి స్కూల్ బోర్డు పేర్లుంటాయి. నేను ముందు అక్కడే గుర్తు పెట్టి, తర్వాత పైకి వస్తాను. ఆ ఓట్లు నేరుగా లెక్కపెడతారు మాస్టారూ, మధ్యలో ఏ కాలేజీ లేదు.

సెలవు.