తలుపుకు అటు నిలబడ్డవాడు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదా, వంతెనల గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. పాతికేళ్ళుగా బర్మింగ్‌హామ్‌లో వంతెనల లెక్కలే వేస్తున్నాను కాబట్టి అది తేలిక. కానీ ఈసారి నాటకం గురించి మాట్లాడతానన్నాను. ఆయన నవ్వారు. ఎందుకు నవ్వారో మా బ్యాచ్ వాళ్ళకి తెలుసు.

1982లో, మేము తొమ్మిదో తరగతిలో ఉండగా, బడి వార్షికోత్సవానికి మా తెలుగు మాస్టారు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోంచి రాయబారం సీను వేయించారు. గొంతున్నవాళ్ళు కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అయ్యారు. గొంతు లేని ఇద్దరం ద్వారపాలకులం. తలుపుకు ఇటు నేను, అటు నా స్నేహితుడు. వెదురు కర్రకు అట్టముక్క కట్టి, వెండి కాగితం అంటించిన బల్లేలు చెరొకటి. మాస్టారు మాకు చెప్పింది ఒకటే మాట: "కదలకండి. మీరు కదిలితే జనం మిమ్మల్ని చూస్తారు."

కృష్ణుడు రాగం అందుకుని పైస్థాయికి వెళ్ళిన సమయానికి నా చేతిలో బల్లెం జారి మైకు మీద పడింది. ఆ చప్పుడు ఊరంతా వినిపించింది. నా నాటకరంగ జీవితం అక్కడితో ముగిసిందనుకున్నాను.

పోయిన ఏడాది జూన్‌లో అది మళ్ళీ మొదలైంది. మా అమ్మాయి నాటకరంగంలోనే పనిచేస్తుంది. గ్రీసు దేశంలో ఒక వారం శిబిరానికి స్నేహితురాలితో కలిసి డబ్బు కట్టింది. పురాతన గ్రీకు విషాద నాటకాన్ని మాటలతో కాక శరీర కదలికతో అర్థం చేసుకోవడం ఆ శిబిరం పని. ఆ స్నేహితురాలు చివరి నిమిషంలో రానంది. కట్టిన డబ్బు వెనక్కి రాదు. "నాన్నా, నువ్వు రా" అంది. నాటకం కోసం కాదు, ఎపిడారస్ రంగస్థలం చూడొచ్చని వెళ్ళాను.

అది చూడదగ్గ కట్టడం. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో, కొండవాలులో సున్నపురాతి మెట్లు పరిచి కట్టారు. కింద 34 వరుసలు, తర్వాత పైన చేర్చినవి 21, మొత్తం 55. పది వేలమందికి పైగా కూర్చోవచ్చు. మైకు లేదు. గైడ్లు మధ్యలో నిలబడి నాణెం జారవిడుస్తారు, పై మెట్టుకు వినిపిస్తుంది. అది వినగానే నాకు నా బల్లెం గుర్తొచ్చింది.

మెట్ల అడుగున గుండ్రటి మట్టినేల ఉంటుంది. అడ్డంగా సుమారు 20 మీటర్లు. దాని పేరు ఆర్కెస్ట్రా. మనకు ఆర్కెస్ట్రా అంటే వాద్యబృందం, గ్రీకులో ఆ మాటకు అర్థం నాట్యం చేసే చోటు. కోరస్, అంటే వృందం, అక్కడే ఆడుతూ పాడుతూ కథ నడిపేది. మొదట్లో వృందంలో 12 మంది ఉండేవారు, సోఫోక్లీస్ 15 మందిని చేశాడంటారు. వాళ్ళకు విడిగా పేర్లుండవు. ఊరి పెద్దలో, చెరపట్టిన స్త్రీలో, ఎవరైనా గుంపుగానే ఉంటారు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ రంగస్థలం ఉన్నది అస్క్లీపియస్ అనే వైద్యదేవుడి క్షేత్రంలో. రోగులు దూరప్రాంతాల నుంచి వచ్చి గుడి ఆవరణలో నిద్రచేసేవారు. మన ఆలయాల్లోనూ నిద్రచేసే మొక్కులున్నాయి కదా. ఆ రోగుల పక్కనే ఈ నాటకశాల.

మా శిక్షణ మాత్రం అక్కడికి దగ్గర్లో ఒక ఊళ్ళో, నారింజ తోటల మధ్య చెక్క నేల ఉన్న ఒక హాల్లో. మేము 14 మందిమి. శిక్షకురాలు పారిస్‌లో జాక్ లకాక్ స్థాపించిన బడి పద్ధతిలో తయారైన మనిషి. లకాక్ మొదట వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇటలీలో గ్రీకు నాటకాల వృందాలకు కదలికలు కూర్చి, 1956లో పారిస్‌లో నాటక పాఠశాల పెట్టాడు. 1999లో పోయాడు. ఆయన పాఠాల్లో ఒకటి నా వృత్తికి బాగా దగ్గరది.

నేల మొత్తం ఒక పెద్ద పళ్ళెం అనుకోవాలి. కింద సరిగ్గా మధ్యలో ఒక్క ముల్లు మీద అది నిలబడి ఉంది. ఒకరు వచ్చి మధ్యలో నిలబడితే ఏమీ కాదు. అంచుకు నడిస్తే పళ్ళెం అటు మొగ్గుతుంది. అప్పుడు ఇంకొకరు లోపలికొచ్చి అవతలి అంచున నిలబడాలి. మొదటివాడు కదిలితే రెండోవాడూ కదలాలి. తర్వాత మూడో మనిషి, నాలుగో మనిషి. చివరికి ఒక పక్క నాయకుడు ఒక్కడు, మరో పక్క వృందమంతా.

నాకు ఇది చంటిపిల్లల లెక్క. బరువును దూరంతో గుణించడం, అంతే. ఎవరి బరువు ఎంతుంటుందో అంచనావేసి ఠకీమని సరైన చోట నిలబడ్డాను. శిక్షకురాలు చప్పట్లు కొట్టి ఆపించింది. "మీరు నేల చూస్తున్నారు. ఎదుటి మనిషిని చూడండి" అంది. రెండు రోజులు ఇదే గొడవ. మోకాళ్ళ నొప్పులు వేరు. మూడో రోజు పొద్దున్న మా అమ్మాయి అవతలి అంచున ఉంది. ఊపిరి లోపలికి తీసింది. కదలబోతోందని నాకు ముందే తెలిసింది. లెక్క వేయకుండానే నా కాలు కదిలింది.

వారం చివర మేము పట్టుకున్న నాటకం ఎస్కిలస్ రాసిన 'పర్షియన్లు'. క్రీ.పూ. 472లో ఏథెన్స్‌లో ఆడారు. ఈరోజుకు పూర్తిగా మిగిలిన గ్రీకు విషాద నాటకాల్లో ఇదే అన్నిటికన్నా పాతది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, 480లో, సలామిస్ దగ్గర సముద్రయుద్ధంలో గ్రీకులు పర్షియా నౌకాదళాన్ని చిత్తుచేశారు. ఆ నాటకంలో గ్రీకు వీరుడు ఒక్కడూ కనపడడు. కథంతా శత్రువుల రాజధానిలో. ముసలి పెద్దలు వృందంగా, పోయినవాళ్ళ కోసం ఎదురుచూస్తుంటారు. దూత వచ్చి చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెబుతాడు. చివరికి చక్రవర్తి జెర్క్సిస్ చిరిగిన బట్టలతో వస్తాడు. ఇక కథ లేదు, ఏడుపే. ఆయన ఒక మాట అంటే వృందం అందుకుంటుంది, వృందం ఒక మాట అంటే ఆయన అందుకుంటాడు. మన భారతంలో స్త్రీపర్వం లాంటిదనుకోండి. గెలిచినవాళ్ళు కూర్చుని ఓడినవాళ్ళ శోకం చూశారు. పైగా ఆ ఏడాది మొదటి బహుమతి ఎస్కిలస్‌కే ఇచ్చారు.

నేను ముసలి పెద్దల్లో ఒకణ్ణి. అరచేత్తో గుండె మీద కొట్టుకోవాలి, ముందుకు ఒరగాలి, పక్కవాడి ఊపిరితో కలిసి లేవాలి. రెండోసారికి నాకు మా వీధి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎవరైనా పోతే మా నాయనమ్మ, మరో పదిమంది ఆడవాళ్ళు చుట్టూ కూర్చునేవారు. ఒకరు పోయినవాడి మంచితనం ఎత్తుకుని రాగం తీసి ఏడ్చేవారు. మిగతావాళ్ళు ఊగుతూ అందుకునేవారు. కాలేజీకి వెళ్ళాక నాకు అది నామోషీగా ఉండేది. "ఎందుకే నాయనమ్మా ఆ రాగాలు?" అన్నాను కూడా. "ఆ పిల్ల ఒక్కతే ఏడిస్తే గుండె ఆగిపోద్దిరా" అంది. ఆవిడ చెప్పింది లకాక్ పళ్ళెమే. అవతల అంచున పదిమంది నిలబడాలి.

మా నాన్నగారు 2021 మే నెలలో, కోవిడ్ రెండో విడతలో పోయారు. ప్రయాణాలు దాదాపు ఆగిపోయిన రోజులు. శ్మశానంలో నలుగురే, ఒళ్ళంతా తొడుగులు వేసుకుని. నేను బర్మింగ్‌హామ్‌లో ఫోనులో చూశాను. బొమ్మ మధ్యలో ఆగిపోయింది, మళ్ళీ వచ్చేసరికి మంట కనిపించింది. అరగంట తర్వాత నాకు ఆఫీసు మీటింగు ఉంది. రద్దు చేసుకోవచ్చు. చేసుకోలేదు. ఒక వంతెన స్తంభం గురించి గంటసేపు మాట్లాడాను. ఆ రోజు గాని, ఆ తర్వాత మూడేళ్ళు గాని నేను ఏడవలేదు. గట్టిమనిషినని నలుగురూ అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ చెక్క నేల మీద, ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య, మూడోసారి గుండె మీద చెయ్యి పడ్డప్పుడు ఏడ్చాను. ఎవరూ ఆట ఆపలేదు, ఓదార్చలేదు. నేను ఒరిగినవైపు వాళ్ళూ ఒరిగారు, లేచినప్పుడు లేచారు. నా పక్కన మా అమ్మాయి కూడా ఏడుస్తోంది. తాతయ్య కోసం అది ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి నిద్రపట్టక ఇంకో మనిషి గురించి ఆలోచించాను. నాన్నగారు పోయిన రోజు మా అమ్మకు కూడా జ్వరమే. ఇంట్లో ఒక్కతే ఉంది. చుట్టాలు రాలేరు. పదకొండు రోజులు మా అరుగు మీద ఒక మనిషి పడుకున్నాడు. కిటికీలోంచి భోజనం క్యారేజీ అందించాడు, కాళ్ళ దగ్గర ఆక్సిమీటరు పెట్టుకుని పూటపూటకీ అమ్మ చేత అంకె చదివించాడు. రాత్రిళ్ళు అమ్మ ఏడుస్తుంటే, కిటికీకి ఇవతల కూర్చుని "అవునత్తా, అవునత్తా" అంటూ ఉండేవాడట. ఇది అమ్మ నాకు చెప్పింది. వాడు చెప్పలేదు.

వాడే తలుపుకు అటు నిలబడ్డవాడు. పదో తరగతి తర్వాత చదువు ఆపి ఊళ్ళోనే టెంట్‌హౌస్ పెట్టుకున్నాడు. పేరు చెప్తే చంపుతానన్నాడు కాబట్టి చెప్పను. మీరు ఇప్పుడు కూర్చున్న కుర్చీలు, నెత్తిమీద షామియానా వాడివే. ఈ యాభై ఏళ్ళలో సంఘం పెట్టిన ప్రతి సభకూ వీలైనన్నిసార్లు వాడే వేశాడు, ఎప్పుడూ వేదిక ఎక్కలేదు. పోయిన నాలుగేళ్ళలో నేను వాడికి ఫోనులో "థాంక్స్ రా" అని ఒక్కసారి అన్నాను. అది సరిపోదని నాకు తెలుసు. నేను అంచు దాకా వెళ్ళిపోయిన రోజున అవతలి అంచున వాడొక్కడు నిలబడకపోతే మా ఇల్లు ఒరిగిపోయేది.

అందుకని హెడ్‌మాస్టారుగారికి ఒక విన్నపం. వచ్చే వార్షికోత్సవానికి నేను రెండు వారాలు సెలవు పెట్టుకుని వస్తాను. నేను నేర్చింది వారమే, గురువునని చెప్పుకోను. కానీ గొంతున్న ముగ్గురితో కాకుండా తరగతి మొత్తంతో ఒక నాటకం చేద్దాం. మైకు వద్దు, స్టేజీ వద్దు, మన గ్రౌండులో ఒక వలయం గీస్తే చాలు. వెనక నిలబడే పిల్లవాడికి "కదలకు" అని చెప్పకుండా, "నువ్వు ఎటు కదిలితే ఆట ఎటు మొగ్గుతుందో చూడు" అని చెబుదాం. మా మాస్టారు ఎదురుగానే ఉన్నారు, తప్పుగా అంటే క్షమించాలి. ఆ రోజు బల్లెం జారింది మాత్రం పూర్తిగా నా తప్పే.

ఒరేయ్, వెనక ఆ గుంజ దగ్గర నిలబడ్డవాడా! ఆ నాటకంలో పిల్లలతో పాటు ఇద్దరు ముసలివాళ్ళు కూడా కావాలి. ఒకడు నేను. రెండోవాడివి నువ్వు. రానంటే ఊరుకోను.