వెదకువారికి మాట ముఖ్యము

అంతర్జాలమున లేని విషయము లేదందురు. అయినను ఒకరికి అరనిమిషములో దొరికినది వేరొకరికి అరపూట వెదకినను దొరకదు. ఈ భేదమునకు తరచుగా కారణము మనము ఇచ్చిన మాటలే.

గూగుల్ వంటి శోధనయంత్రము మనము అడిగిన క్షణమున లోకమంతయు గాలింపదు. పుటలను ముందుగానే చదివి, ఏ మాట ఏ పుటలో కలదో సూచిక కట్టుకొని యుండును. పెద్ద గ్రంథము చివరనుండు అకారాది పట్టిక వంటిదే ఇది. నేటి యంత్రములు పర్యాయపదములను కొంతవరకు గ్రహింపగలవు. అయినను, సమాధానము వ్రాసినవారు ఏ మాట వాడియుందురో ఆ మాటతో వెదకుటయే మేలు.

నక్కపల్లి ప్రాంతమున ఒక చెరకు రైతు ఉన్నాడనుకొందము. తోటలో పైనుండి మూడవ, నాలుగవ ఆకులు పసుపుపచ్చబడి ఎండుచున్నవి. "చెరకు ఎండిపోవుచున్నది" అని వెదకినచో నీటి ఎద్దడి, వేరుపురుగు, ఎరువుల ప్రకటనలు అన్నియు కలగలసి వచ్చును. ముందుగా గడను నిలువుగా చీల్చి చూడవలెను. లోపల ఎరుపు, దానిలో అడ్డముగా తెల్లని మచ్చలు, పులిసిన వాసన ఉన్నచో ఆ లక్షణములనే మాటలుగా ఇయ్యవలెను. అప్పుడు "ఎర్రకుళ్ళు తెగులు" అను పేరు తెలియును. రెండవసారి ఆ పేరునకు అనకాపల్లి పరిశోధన స్థానము పేరు చేర్చవలెను. 1913లో నెలకొన్న ఆ సంస్థ చెరకుపై చేసిన కృషి మన నేలకు సంబంధించినది.

ఎర్రకుళ్ళు సోకిన దుబ్బును నయము చేయు మందు లేదు. దుబ్బును పెరికి కాల్చవలెను. ఆ తోటనుండి విత్తనపు ముచ్చెలు తీయరాదు, కార్శి చేయరాదు. "ఎర్రకుళ్ళుకు మంచి మందు" అని వెదకువారికి మందు అమ్మువారే ముందు కనబడుదురు. ప్రశ్నలోనే సమాధానమును ఇరికించి అడుగరాదు.

పేర్లయందును జాగ్రత్త వలయును. నక్కపల్లి నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్నది. ఆ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. అంతకు పూర్వపు పత్రములకు విశాఖపట్నం జిల్లా అని వెదకవలెను. చెరకు అని కొందరు, చెరుకు అని కొందరు వ్రాయుదురు; రెండును ప్రయత్నింపుడు. మాటలు అదే వరుసలో కావలెనన్నచో కొటేషన్ గుర్తుల నడుమ ఉంచుడు. అక్కరలేని మాటకు ముందు, ఖాళీ విడువక, మైనస్ గుర్తు ఉంచినచో ఆ మాట గల పుటలు తొలగును.

మొదటిసారి వెదకునపుడు సరియైన పేరు దొరికినచో చాలును; ఆ పేరుతో మరల వెదకుడు. పేరు తేలిన పిమ్మట, తోటపై చేయి వేయుటకు ముందు, చీల్చిన గడను వ్యవసాయాధికారికి చూపుడు.