జ్వరం తగ్గాక వచ్చే జబ్బు

పట్టాలందుకున్న డాక్టర్లూ, మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. ఫ్లూ తగ్గి లేచి తిరుగుతున్న పిల్లవాడు ఉన్నట్టుండి ఆగకుండా వాంతులు చేసుకుంటాడు. మగతగా పడుకుంటాడు, పిలిస్తే చిరాకు పడతాడు, కాసేపటికి అమ్మనే పోల్చుకోలేడు. మెదడు వాస్తుంటుంది, కాలేయంలో కొవ్వు చేరుతుంటుంది. ఆస్ట్రేలియాలో డాక్టర్ రై 1963లో ఇలాంటి 21 మంది పిల్లల గురించి రాశాడు, వాళ్లలో 17 మంది చనిపోయారు. ఆ జబ్బుకు ఆయన పేరే మిగిలింది. దాని కారణం మాత్రం ఏ యంత్రమూ చెప్పలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలో పరిశోధకులు ఈ పిల్లల తల్లిదండ్రులనూ, అలాంటి జ్వరమే వచ్చి మామూలుగా కోలుకున్న పిల్లల తల్లిదండ్రులనూ ఒకే మాట అడిగారు: జ్వరానికి ఏ మందు వేశారు? తేడా ఆస్పిరిన్ దగ్గర తేలింది.

బిడ్డ ప్రాణం మీదికి వచ్చిన తల్లికి ప్రతి మాత్రా గుర్తుంటుంది, మిగతావాళ్లు మరిచిపోతారు, కాబట్టి ఆ తేడాను నమ్మలేమని అప్పట్లోనే అభ్యంతరం వచ్చింది. న్యాయమైన అభ్యంతరమే. కొన్ని కేసులు నిజానికి పుట్టుకతో వచ్చిన జీవక్రియ లోపాలని తర్వాత తేలిన మాటా వాస్తవమే. కానీ హెచ్చరికలు వెలువడి పిల్లలకు ఆస్పిరిన్ వాడకం పడిపోయాక ఏమైందో చూడండి. అమెరికాలో 1980లో 555 కేసులు నమోదైతే, 1994 నుంచి 1997 వరకు ఏ ఏడూ రెండుకు మించలేదు. ఆ తేడా కేవలం జ్ఞాపకంలో పొరపాటైతే, ఆ మందు మానేసినంత మాత్రాన జబ్బు ఇలా తగ్గిపోదు. ఆస్పిరిన్ ఎలా హాని చేస్తుందో పూర్తిగా తేలకముందే, ఏ మందు వేశారన్న ఆ ప్రశ్న ఎందరో పిల్లల్ని కాపాడింది.

నా బెంగ ఇక్కడే. మీ చెయ్యి ముందు ఎమ్మారై కాగితం మీదికి పోతుంది. స్కాన్ వద్దనడం లేదు నాయనా, అడగడం మానొద్దంటున్నాను. కాళ్లలో తిమ్మిర్లు మొదలై రెండు రోజుల్లో మెట్లెక్కలేని స్థితికొచ్చిన మనిషికీ ఇదే వర్తిస్తుంది. రెండు మూడు వారాల కిందట జలుబో విరేచనాలో అయ్యాయంటే, గిలన్-బారీ అనే నరాల జబ్బు మీ మనసులో మెదలాలి. ఓపీలో తీరికేదంటారు. ఇలాంటి ప్రశ్నకు నిమిషం చాలు. జ్వరం తగ్గాక వాంతులతో వచ్చిన పిల్లవాడైతే, ఇంట్లో ఏం మాత్ర వేశారో తల్లినడిగి, ఖాళీ స్ట్రిప్పు తెప్పించి చూసి, దాని పేరు మీ చేత్తో కేసు షీటులో రాయండి.