దూరపు సభలో ఒక ఓటు



1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్నం రేవు బయట ఘాజీ అనే పాకిస్తానీ జలాంతర్గామి మునిగిపోయింది. బంగ్లాదేశ్ యుద్ధం తెలుగు తీరాన్ని అంత దగ్గరగా తాకింది. మల్కన్‌గిరి, ఉమర్‌కోట్ వైపు శ్రోతలకు తూర్పు బెంగాల్ పేరు ఇంకా ముందునుంచే తెలుసు. అక్కడినుంచి తరలివచ్చిన ఎన్నో కుటుంబాలకు 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద ఆ ప్రాంతాల్లో భూములిచ్చారు.

మనకు ఇంత దగ్గరైన ఆ యుద్ధం అమెరికా చట్టసభ సభ్యులకు ఎక్కడో దూరాన జరిగే యుద్ధం. అటువంటి యుద్ధం విషయంలో ఒక సభ్యుడు ఏం చేయగలడు? సైన్యం అతని మాట వినదు, రాయబారులు అతని ఉత్తర్వు తీసుకోరు. అతని చేతిలో ఉన్నదల్లా ఖజానా డబ్బు మీద ఓటు. ఆ ఓటును ఫ్రాంక్ చర్చ్ అనే సెనేటర్ ఎలా వాడారో ఈ రోజు చెప్పుకుందాం.

చర్చ్‌ది ఐడహో రాష్ట్రం, బంగాళాదుంపల సాగుకు పేరుపడిన చోటు. 1957లో, 32 ఏళ్ల వయసులో, ఆయన సెనేట్‌లో అడుగుపెట్టారు. వియత్నాం యుద్ధాన్ని గట్టిగా వ్యతిరేకించినవారిలో ఒకరు.

1971 మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టింది. ఆ ఏడాది ముగిసేలోగా మన దేశానికి వచ్చిన శరణార్థులు సుమారు కోటి మంది. పాకిస్తాన్‌కు ఆయుధాలకోసం కొత్త లైసెన్సులు ఇవ్వడం లేదని అమెరికా ప్రభుత్వం చెప్పింది. కాని పాత లైసెన్సుల మీద సరుకు ఓడలెక్కుతూనే ఉందని జూన్ 22న న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది.

అధ్యక్షుడు నిక్సన్ లెక్క వేరు. చైనాతో స్నేహానికి పాకిస్తాన్ పాలకుడు యాహ్యా ఖాన్ మధ్యవర్తిగా ఉన్నాడు. ఆ జులైలోనే కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పెకింగ్ వెళ్లివచ్చారు. సహాయం ఆపేస్తే యాహ్యా మన మాట వినడు అన్నది ప్రభుత్వ వాదన.

ఆ వాదనకు జవాబుగా చర్చ్, ఒహాయో సెనేటర్ విలియం శాక్స్‌బీ కలిసి ఒక సవరణ తెచ్చారు. శాక్స్‌బీ నిక్సన్ సొంత పార్టీవాడే. తూర్పు బెంగాల్లో ప్రజలకు సాయం సరిగా అంది, శరణార్థులు తిరిగివెళ్లే పరిస్థితి వచ్చేదాకా పాకిస్తాన్‌కు సహాయం నిలిపివేయాలన్నదే ఆ సవరణ సారాంశం. ఇటువంటి నిషేధంతోనే దిగువ సభ ఆగస్టు 3న సహాయ బిల్లును 200-192 ఓట్లతో ఆమోదించింది.

అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. ఆర్థిక సహాయం, సైనిక సహాయం ఒకే మూటగా వచ్చాయి. శరణార్థులకు సాయం అందులోనే, సైనిక ప్రభుత్వాలకు ఆయుధాలూ అందులోనే. ఆ సాయం కావాలంటే తుపాకీకి కూడా చేయెత్తాలి. అక్టోబరు 29న చర్చ్ సెనేట్‌లో లేచి, విదేశీ సహాయానికి ఇక సెలవు అంటూ ప్రసంగించారు. ఏళ్ల తరబడి సమర్థించిన పథకానికే వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ రోజు బిల్లు 41-27 తేడాతో వీగిపోయింది. అందరి కారణమూ ఒకటి కాదు. యుద్ధాన్ని వద్దన్నవారు కొందరు, ఖర్చు వద్దన్నవారు కొందరు, నాలుగు రోజుల క్రితం ఐక్యరాజ్యసమితిలో తైవాన్‌కు చోటు పోయిందన్న కోపం ఉన్నవారు మరికొందరు.

తన సవరణకు ఆధారమైన బిల్లునే పడగొట్టడం ఏం న్యాయం అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. శిబిరంలో పాలకోసం ఏడ్చే బిడ్డకు సెనేట్ సిద్ధాంతాలతో పని లేదు. కాని తర్వాత జరిగింది కూడా చూడాలి. నవంబరులో సెనేట్ ఆ మూట విప్పింది. ఆర్థిక సహాయం ఒక బిల్లుగా, సైనిక సహాయం మరో బిల్లుగా విడివిడిగా ఓటుకు పెట్టింది. ఆ నెలలోనే, చట్టసభలో పెరిగిన ఒత్తిడి నడుమ, పాకిస్తాన్‌కు మిగిలిన ఆయుధ లైసెన్సులను ప్రభుత్వం రద్దు చేసింది.

చట్టం మీద నిక్సన్ సంతకం పడింది మాత్రం 1972 ఫిబ్రవరి 7న. అందులో పాకిస్తాన్‌కు సహాయం నిలిపివేసే నిబంధన ఉంది, తూర్పు బెంగాల్ శరణార్థుల సహాయ పునరావాసాలకు 25 కోట్ల డాలర్ల అనుమతీ ఉంది. అప్పటికి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయి ఏడు వారాలు దాటింది.

కాబట్టి ఆ ఓటు యుద్ధాన్ని ఆపిందని చెప్పలేం. అయినా వృథా పోలేదు. దూరదేశానికి పోయే సొమ్ముతో అక్కడ ఏం జరుగుతోందో, ఆ సొమ్ము ఇచ్చేవాడు కనుక్కోవాలన్న పట్టుదలను అది నిలబెట్టింది. సహాయం అన్న పేరు చూసి చేయెత్తడం సులువు. ఆ మూటలో ఏముందో విప్పి చూపమని అడగడమే చట్టసభకు ఎన్నికైనవాడి పని. మనం ఓటు వేసి పంపేవారిని కూడా ఆ ఒక్క ప్రశ్నతో కొలుచుకోవచ్చు.