సముద్రపుటొడ్డున పాత యిల్లు, నేటి సంసారము

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదికి యిల్లు కడిగి, వెల్ల వేసి, గుమ్మానికి మామిడాకులు కట్టుకొనుట మన ఆచారము. కాని గోపాలపురము మొదలైన మన గంజాం తీరములో 1950, 60 ప్రాంతములలో పెద్దలు కట్టిన యిండ్లకు వెల్ల ఒక్కటే చాలదు. ముందు వసారా, ఎత్తయిన కప్పు, ఎదురెదురు కిటికీలు, దొడ్డిలో దూరముగా మరుగుదొడ్డి ఆనాటి సంసారమునకు సరిపోయినవి. నేడు ముసలివారు రాత్రివేళ మెట్లు దిగి దొడ్డిలోకి పోలేరు. పిల్లలు చదువుకొనుటకు గది లేదు. పండుగకు వచ్చిన కొడుకులు, కోడళ్ళు హోటలులో దిగుతున్నారు. కనుక బాగుచేయించవలసినదే. దేనితో మొదలుపెట్టవలె?

చాలమంది నేలకు టైల్సుతో, వంటింటి అలమారలతో మొదలుపెడతారు. ముందు తల యెత్తి కప్పు చూడండి. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోనికి దిగి, లోపలి ఇనుపకడ్డీకి తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు ఇనుముకంటె ఎక్కువ చోటు కావలె. అందుచేత కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. దానిమీద సిమెంటు మెత్తుట, పుండు కడగకుండా పట్టుగుడ్డ కప్పినట్లే. చెడిన కాంక్రీటును కడ్డీ వెనుకదాకా చెక్కించి, తుప్పంతా గీకించి, తుప్పును ఆపే పూత పూయించి, పాలిమర్ మోర్టారుతో పూడ్పించవలె. కడ్డీ బాగా సన్నబడియున్నచో కొత్త కడ్డీ జతచేయవలె. ఇంజనీరును పిలిపించి, ఈ యిల్లు పైఅంతస్తును మోయగలదా అని కూడ అప్పుడే అడగండి. కొత్తగా పోసే కాంక్రీటులో, సముద్రపు తుంపర తగిలేచోట, కడ్డీపైన 50 మిల్లీమీటర్ల మందము కాంక్రీటు ఉండవలెనని ఐ.ఎస్. 456 (2000) ప్రమాణము. సముద్రపు ఇసుక, ఉప్పునీరు వాడనీయకండి.

సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూస్తే లోని తేమ బయటికి పోలేదు. ఉప్పు పేరుకొని పూత ఊడిపోతుంది. అక్కడ సున్నమే మేలు.

వసారా మూసి గది చేద్దామని కొందరంటారు. గోడకు ఎండ, వానజల్లు తగలకుండ కాపాడేది ఆ వసారాయే. ఏ.సీ. పెట్టుకొన్నా, తుఫానుకు కరెంటు పోయిన దినములలో ఎదురుకిటికీలే దిక్కు. కొత్త గదికి దొడ్డివైపు చోటు చూడండి. పెద్దల పడకగది పక్కనే గడపలేని స్నానాలగది, జారని నేల, చేతికి పట్టుగా గోడకు కడ్డీ ఏర్పాటు చేయండి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గరనే తీరము దాటినది. రేకులకు, కిటికీ తలుపులకు తుప్పుపట్టని బిగింపులు వేయించండి.

పడగొట్టి కొత్తది కట్టుకొందామనువారికి ఒక మాట. తీరప్రాంత నియంత్రణ నిబంధనలు 1991లో వచ్చి, 2011లోను, 2019లోను మారినవి. గునపము వేయకముందే అనుమతి సంగతి విచారించండి. అన్నదమ్ముల, అక్కచెల్లెండ్ర సమ్మతి కూడ అప్పుడే తీసుకొనండి. గోడలు నిలిచి, మనుషులు విడిపోతే లాభమేమి?

వచ్చే ఉగాది పచ్చడి మీమీ వసారాలలోనే, పిల్లా పెద్దా అందరితో కలిసి తినవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.